చెట్టు కూలిన చోట

ఎల్లో ఫీవర్‌ను మోసేది ఈడిస్ ఈజిప్టై దోమ అని 1900లో క్యూబాలో రుజువైంది. ఇంటి తొట్టిలో, పగిలిన కుండలో, నిలవ నీళ్లలో పెరిగే ఊరి దోమ అది. దాన్ని అదుపు చేసిన పట్టణాల్లో జ్వరం తగ్గుముఖం పట్టింది. అయితే 1930ల్లో కొలంబియా దేశపు వైద్యులకు ఒక చిక్కు ఎదురైంది. ఊళ్లకు దూరంగా, ఆ దోమ ఆనవాలే లేని అడవుల్లో అదే జ్వరంతో మనుషులు చనిపోతున్నారు. పోయేవాళ్లలో ఎక్కువమంది వయసులో ఉన్న మగవాళ్లు. చెట్లు కొట్టి పొలం చేసుకునేవాళ్లు, కలప కోసుకు బతికేవాళ్లు.

హోర్హె బోషెల్ అనే కొలంబియా వైద్యుడు ఆ అడవుల్లో దోమలు పడుతూ తిరిగేవాడు. నేల మీద ఎంత వెతికినా జ్వరాన్ని మోయగల దోమలు పెద్దగా దొరకలేదు. ఒకసారి కూలీలు పెద్ద చెట్టొకటి నరుకుతుంటే పక్కన నిలబడి చూశాడు. చెట్టు కూలింది. కూలగానే కొమ్మల్లోంచి నీలిరంగు దోమలు గుంపులుగా లేచి, గొడ్డళ్లు పట్టుకున్నవాళ్ల చుట్టూ ముసురుకున్నాయి.

అవి హీమగోగస్ దోమలు. వాటి కాపురమంతా చెట్ల తలల్లోనే. కొమ్మల తొర్రల్లో నిలిచిన వాననీటి దగ్గర గుడ్లు పెడతాయి, కొమ్మల మీద తిరిగే కోతుల రక్తం తాగుతాయి. వైరస్ కోతి నుంచి దోమకు, దోమ నుంచి కోతికి పైపైనే తిరుగుతూ ఉంటుంది. కింద నడిచిపోయే మనిషికి ఆ సంగతే తెలియదు. గొడ్డలి దెబ్బకు ఆ పై అంతస్తు మొత్తం వచ్చి అతని కాళ్ల దగ్గర పడింది.

ఇందులో వైరస్ మారలేదు, దోమ మారలేదు, మనిషి ఒంట్లో కొత్త బలహీనత ఏదీ పుట్టలేదు. ఎవరు ఎక్కడ మసలాలన్న ఏర్పాటు ఒక్కటే చెదిరింది. అంటురోగం అనగానే మనం క్రిమి పేరు అడుగుతాం, మందు పేరు అడుగుతాం. ఆ క్రిమి ఎక్కడ కాపురముంటోంది, ఎవరి ఇంట్లో తింటోంది, ఎవరు దాని వాకిలి తెరిచారు అని అడగం. ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న వెంట నడుద్దాం. అందుకు మన పొరుగు రాష్ట్రంలోని అడవికి మించిన పాఠశాల లేదు.

కొండముచ్చులు రాలిన అడవి

1957 మొదట్లో అప్పటి మైసూరు రాష్ట్రంలోని షిమోగా జిల్లా, సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కొండముచ్చులు చచ్చిపడుతున్నాయని కబురందింది. వాటితోపాటు బోనెట్ కోతులూ చనిపోయాయి. తిరుమల మెట్ల దారిలో మన చేతి సంచి లాక్కునేది ఆ జాతి కోతే. అదే సమయంలో అడవి అంచు ఊళ్లలో మనుషులకు జ్వరాలు మొదలయ్యాయి. ఉన్నట్టుండి చలితో జ్వరం, తల పగిలిపోయేంత నొప్పి, నడుమూ పిక్కలూ పట్టేసే నొప్పులు, కొందరికి చిగుళ్ల నుంచీ ముక్కు నుంచీ రక్తం. కోతుల చావుకూ మనుషుల జ్వరానికీ ముడి ఉందని కనిపెట్టడానికి ఊరివాళ్లకు ప్రయోగశాల అక్కర్లేకపోయింది. మంగన కాయిలె అని పేరు పెట్టేశారు. కన్నడంలో మంగ అంటే కోతి, కాయిలె అంటే జబ్బు.

పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రానికి ఈ కబురు గుండెల్లో రాయి పడ్డట్టయింది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 1952లో పెట్టిన సంస్థ అది. ఇప్పుడు జాతీయ వైరాలజీ సంస్థ అంటున్నాం. అడవిలో కోతులు రాలుతున్నాయంటే దక్షిణ అమెరికాలో అయితే ఎల్లో ఫీవర్ వచ్చిందనే అర్థం. ఆ జ్వరం ఆసియాలో లేదు కానీ దాన్ని మోయగల ఈడిస్ దోమ మన దేశంలో ఊరూరా ఉంది. టెల్ఫోర్డ్ వర్క్ నాయకత్వంలో ఒక బృందం హుటాహుటిన బయల్దేరింది. జబ్బుపడిన మనుషుల నుంచి, కోతుల నుంచి నమూనాలు తీసి వైరస్‌ను వేరు చేసింది. అది ఎల్లో ఫీవర్ కాదని తేలింది. రష్యా అడవుల్లో పిడుదులు కుట్టడం వల్ల వచ్చే మెదడువాపు వైరస్‌కు అది దగ్గరి చుట్టం. ఆ వైరస్‌తో ప్రయోగశాలలో పనిచేసినవాళ్లలోనూ కొందరికి జ్వరం సోకింది.

సైబీరియా చుట్టం షిమోగా ఉన్న ఈ మలెనాడు ప్రాంతానికి ఎలా వచ్చింది? చలికాలంలో ఉత్తరాది నుంచి వలస వచ్చే పక్షుల మీద అనుమానం పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు సలీం అలీ ఆధ్వర్యంలో పక్షుల్ని వలల్లో పట్టి, ఒంటి మీది పిడుదుల్ని ఏరి, కాళ్లకు ఉంగరాలు తొడిగి వదిలేశారు. మన వలస పక్షుల గురించి తర్వాత పోగైన జ్ఞానానికి ఆ పని గట్టి పునాది వేసింది. జ్వరం మాత్రం పక్షుల ఖాతాలో పడలేదు. వైరస్ ఎక్కడి నుంచో వచ్చింది కాదు, ఈ అడవుల్లోనే చిన్న జంతువుల మధ్య గుట్టుగా తిరుగుతూ ఉన్నదేనన్న అభిప్రాయం నిలబడింది. మరి 1957 దాకా ఎందుకు బయటపడలేదు?

పిడుదుకు మూడే భోజనాలు

ఆ సంగతి అర్థం కావాలంటే పిడుదును కాస్త దగ్గరగా చూడాలి. ఆవు చెవి లోపల, పొదుగు పక్కన, తోక కింద శనగగింజంత ఉబ్బి వేలాడేదాన్ని పల్లెలో పెరిగినవాళ్లు చూసే ఉంటారు. కొన్ని జిల్లాల్లో గోమారి అంటారు. క్యాసనూరు వైరస్‌ను ఎక్కువగా మోసేది హీమాఫైసాలిస్ స్పినిజెరా అనే అడవి పిడుదు. జీవితం మొత్తంలో అది తినేది మూడే భోజనాలు. గుడ్డులోంచి వచ్చిన ఆరు కాళ్ల పిల్ల ఒకసారి కడుపునిండా రక్తం తాగి నేల మీదికి రాలుతుంది. కుబుసం విడిచి ఎనిమిది కాళ్ల నడిప్రాయపు పిడుదుగా మారుతుంది. అది రెండోసారి తాగి రాలి, మళ్లీ కుబుసం విడిచి పెద్దదవుతుంది. పెద్దయిన ఆడ పిడుదు మూడోసారి తాగి, ఆకుల చాటున వేల గుడ్లు పెట్టి చనిపోతుంది.

ఒక్కో భోజనం ఒక్కో ఇంట్లో. పిల్ల పిడుదుకు ఎలుకలు, చుంచులు, నేల మీద గెంతే పక్షులు, కోతులు దొరుకుతాయి. నడిప్రాయపు పిడుదు ఉడుతనీ కోతినీ పట్టుకుంటుంది, దారిన పోయే మనిషినీ పట్టుకుంటుంది. పెద్ద పిడుదుకు పెద్ద జంతువే కావాలి. ఆకలైన పిడుదు గడ్డిపోచ కొసకో ఆకు అంచుకో పాకి, ముందుకాళ్లు రెండూ గాలిలోకి చాచి కదలకుండా కూర్చుంటుంది. ఈ జాతికి కళ్లు లేవు. ఆ ముందుకాళ్ల కొసల దగ్గర చిన్న గుంటల్లాంటివి ఉంటాయి. వచ్చేదాని ఊపిరినీ, ఒంటి వేడినీ, వాసననీ పసిగట్టేవి అవే. ఒళ్లు ఆ ఆకుకు రాసుకుంటే చాలు, పట్టేసుకుంటుంది. పిల్లగా ఉన్నప్పుడు ఒంట్లోకి వచ్చిన వైరస్ కుబుసం విడిచినా పోదు, తర్వాతి భోజనం దాకా వెంట వస్తుంది.

ఇప్పుడు ఈ అడవిలోకి ఆవును తోలుకొద్దాం. అడవిలో పెద్ద జంతువులు తక్కువైతే పెద్ద పిడుదుల్లో చాలావాటికి మూడో భోజనం దొరకదు, గుడ్లు పెట్టకుండానే పోతాయి. పిడుదుల సంఖ్యకు అదొక పగ్గం. ఊళ్లు పెరిగి, అడవి అంచు పొలంగా మారి, రోజూ మందలు అడవిలోకి మేతకు వెళ్లడం మొదలవగానే ఆ పగ్గం తెగింది. తమాషా ఏమిటంటే ఆవుకు ఈ జ్వరం రాదు. పిడుదుకు అంటించేంత వైరస్ దాని రక్తంలో పెరగదు. ఏ ఒక్క రోగి విషయంలోనూ ఆవును దోషిగా నిలబెట్టలేం. అయినా అది ఇచ్చిన రక్తంతో పుట్టిన వేలాది పిల్లలు అడవి అంచు పొదల్లోనే పెరుగుతాయి. చెట్లు కొట్టిన చోట లేచిన లాంటానా పొదల్లోనే ఎలుకలకూ చుంచులకూ దాపు దొరుకుతుంది. వైరస్ ఉన్న చిన్న జంతువులూ, ఆవుల పుణ్యమా అని పెరిగిన పిడుదులూ ఒక్కచోట చేరాయి. మధ్యలో మనిషి నడిచే కాలిబాట ఉంది.

ఈ లెక్కను 1969లో వివరంగా కాగితం మీద పెట్టినవాడు అప్పటికి పూనా కేంద్రం తరఫున పనిచేసిన హోర్హె బోషెల్. కొలంబియాలో కూలిన చెట్టు పక్కన నిలబడిన మనిషే.

ఇందులో కోతిది మరో పాత్ర. వైరస్‌కు కోతి శాశ్వత నివాసం కాదు, ఎందుకంటే అది చచ్చిపోతుంది. చచ్చే ముందు కొద్ది రోజులు దాని రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. ఆ రోజుల్లో ఒంటిని పట్టుకున్న పిల్ల పిడుదులు అది పడిపోయిన చోటే చుట్టుపక్కల రాలతాయి. కొన్ని వారాలకు కుబుసం విడిచి కొత్త ఆకలితో లేస్తాయి. అప్పటికి కోతి ఎముకలు కూడా చెల్లాచెదురై ఉంటాయి, ఆ చోట ఏం జరిగిందో దారిన పోయేవాడికి తెలియదు. అందుకే కోతి చచ్చిన చోటు చుట్టూ 50 అడుగుల మేర మలాథియాన్ అనే పురుగుమందు పొడి చల్లడం అక్కడ ఆరోగ్య సిబ్బంది పని.

నడిప్రాయపు పిడుదులు ఎక్కువగా తిరిగేది వానలు వెనకబట్టాక, డిసెంబరు నుంచి మే దాకా. మలెనాడు రైతు అడవిలో ఎక్కువగా గడిపేదీ అప్పుడే. వక్క తోటలో చెట్ల మొదళ్లకు కప్పడానికి, కొట్టంలో పశువుల కింద పరిచి ఎరువు చేయడానికి ఎండుటాకులు కావాలి. ఆడవాళ్లూ మగవాళ్లూ వంగి ఆకులు ఊడ్చి, గంపలకెత్తి, నెత్తిన పెట్టుకుని ఇంటికి తెస్తారు. గంపలో ఆకులుంటాయి, ఆకుల్లో పిడుదులుంటాయి. అడవికి వెళ్లని ముసలివాళ్లకూ పిల్లలకూ కొట్టంలోనే కుట్టవచ్చు.

1983లో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి తాలూకాలో జీడిమామిడి తోటల కోసం అడవిని మొదలంటా కొట్టేశాక, ఈ వ్యాధి చరిత్రలోనే పెద్ద విజృంభణ చూసింది ఆ ప్రాంతం. పదిహేను వందల మందికి పైగా జబ్బుపడ్డారు, 150 మంది దాకా చనిపోయారు. చాలా ఏళ్లపాటు షిమోగా చుట్టుపక్కల జిల్లాలకే పరిమితమైన జ్వరం 2012 తర్వాత బందీపూర్‌లో, కేరళలోని వయనాడులో, నీలగిరుల్లో, గోవాలో, మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌లో బయటపడింది. సోకినవాళ్లలో నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు పోతారు. ప్రత్యేకమైన మందు లేదు. మనిషి నుంచి మనిషికి అంటదు, అదొక్కటే ఊరట. 1990 నుంచి ఇస్తూ వచ్చిన టీకా అంత గట్టిది కాదని తేలి, ఇటీవల ఆపేశారు. భారత వైద్య పరిశోధన మండలితో కలిసి కొత్త టీకా తయారీకి పూనుకున్నది హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్.

ఇదంతా విని అడవంటేనే రోగాల పుట్ట అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ప్రమాదం ఎక్కువగా ఉన్నది అడవీ తోటా పొలమూ ముక్కలు ముక్కలుగా కలిసిపోయి, పశువులు ఎక్కువగా ఉన్న చోట్ల అని 2020లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అలాగని చెట్లు నాటేస్తే ఏ రోగమూ ఉండదనడం కూడా అంతే తొందరపాటు. ఏ జంతువు పిడుదును మేపుతోంది, ఏది వైరస్‌ను పెంచుతోంది, ఏది రెండూ చేయకుండా పిడుదుల భోజనాన్ని వృథా చేస్తోంది అన్న లెక్క అడవికొక తీరుగా ఉంటుంది. వేసి చూడాల్సిందే.

రోగం గీసిన బొమ్మ

ఇప్పటిదాకా అడవి చెదిరితే రోగం ఎలా లేస్తుందో చూశాం. రోగమే అడవి రూపు మార్చిన కథ ఆఫ్రికాలో ఉంది.

1880ల చివర్లో ఇప్పటి ఎరిట్రియా తీరంలో ఇటలీ సైన్యం కోసం ఓడల మీద పశువులు దిగాయి. వాటితో రిండర్‌పెస్ట్ దిగింది. మన రైతులు ముసర రోగం అని భయపడింది దీనికే. నోరు పూసి, కళ్లు నీరు కారి, విరేచనాలు పట్టుకుని పశువు వారం పది రోజుల్లో పోయేది. ఆసియాకు అది పాత శత్రువే. తూర్పు, దక్షిణ ఆఫ్రికా మందలు దాని ముఖం ఎరగవు. పదేళ్లు తిరగకముందే ఖండం దక్షిణ కొసకు చేరింది. చాలా చోట్ల పది పశువుల్లో ఎనిమిదీ తొమ్మిదీ పోయాయి. పాలూ రక్తమూ తాగి బతికే మసాయి పశువుల కాపరులు ఆకలితో కుప్పకూలారు. అడవి దున్నలూ, జింక జాతికే చెందిన వైల్డెబీస్ట్‌లూ మందలకు మందలు చచ్చాయి.

మేసే నోళ్లు లేని చోట, మనిషి కూడా ఊరు విడిచిపోయిన చోట, గడ్డి నేల మీద పొదలు కమ్ముకున్నాయి. పొదల నీడ సెట్సీ ఈగకు ఇష్టం. కొన్నేళ్లకు అడవి జంతువులు మెల్లగా తేరుకునేసరికి ఈగలకు తిండీ దొరికింది. సెట్సీ ఈగ మోసేది నిద్ర జబ్బును. పశువుల రోగం నేల రూపు మారిస్తే, మారిన నేల మనుషుల మీదికి ఇంకో రోగాన్ని పంపింది. అలా ఖాళీ అయిన నేలల్ని చూసిన ఐరోపా వాళ్లు మనిషి అడుగుపడని ఆదిమ ప్రకృతి ఇదేననుకున్నారు.

టాంజానియాలోని సెరెంగెటి మైదానాల్లో రిండర్‌పెస్ట్ 1960ల దాకా ఉంది. వైల్డెబీస్ట్ లేగలు ఏడాది నిండేలోపు పెద్ద సంఖ్యలో దానికి బలయ్యేవి. 1950ల చివరి నుంచి ఆ మైదానాల చుట్టూ ఉన్న ఊళ్లలో ఆవులకు టీకాలు వేశారు. అడవి జంతువులకు ఎవరూ సూది గుచ్చలేదు. అయినా 1963 వచ్చేసరికి వైల్డెబీస్ట్‌లలో రోగం మాయమైంది. రోగం అడవి నుంచి ఊరికి వస్తోందని రైతులు అనుకునేవారు. నిజానికి అది ఊరి మంద నుంచే అడవికి వెళుతోందన్నమాట.

1960ల మొదట్లో రెండున్నర లక్షలున్న వైల్డెబీస్ట్‌లు 1977 నాటికి 13 లక్షలు దాటాయి. ఆంథొనీ సింక్లెయర్ వంటి జీవావరణ శాస్త్రజ్ఞులు ఆ మార్పును దశాబ్దాలపాటు వెంబడించి రాసుకున్నారు. అన్ని లక్షల నోళ్లు మేస్తే గడ్డి పొట్టిగా ఉండిపోతుంది. పొట్టి గడ్డికి కార్చిచ్చు పాకదు. అంతకుముందు ఎండాకాలం వచ్చిందంటే నిలువెత్తు గడ్డి అంటుకుని మైదానంలో పెద్ద భాగం కాలిపోయేది, మొలిచిన చెట్టు పిల్లలు తల ఎత్తేలోపే మాడిపోయేవి. మంటలు తగ్గాక అవి బతికి చెట్లయ్యాయి. బొగ్గుపులుసు వాయువును గాలిలోకి వదులుతూ ఉన్న నేల, దాన్ని చెట్లలో దాచుకునే నేలగా మారిందని 2009లో ప్రచురితమైన ఒక పరిశోధన లెక్కగట్టింది. ఆవుకు వేసిన సూది, అడవిలో చెట్టును నిలబెట్టింది. 2011లో రిండర్‌పెస్ట్ భూమి మీదే లేదని ప్రకటించారు. మశూచి తర్వాత అలా తుడిచిపెట్టుకుపోయిన రోగం అదొక్కటే.

చోటు చెప్పండి

కొలంబియాలో చెట్టు, మలెనాడులో ఆవు, సెరెంగెటిలో గడ్డి. మూడు చోట్లా వైద్యుడి చీటీలో రాయని పాత్రధారులు ఇవి. మన ఇంటి దగ్గరా ఇలాంటివి ఉన్నాయి. వానాకాలం చివర, చలికాలం మొదట్లో చిత్తూరు వైపు ఆస్పత్రులకు వచ్చే జ్వరాల్లో స్క్రబ్ టైఫస్ ఒకటి. స్క్రబ్ అంటే పొద. కంటికి ఆనని నల్లి జాతి పురుగు పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. అవి ఉండేది చెట్లు కొట్టి వదిలేసిన చోట, బీళ్లలో, పొలం గట్ల మీది తుప్పల్లో, ఇంటి వెనక పెరిగిపోయిన గడ్డిలో. చంకలోనో, నడుము దగ్గరో చిన్న నల్లటి చెక్కు కట్టిన మచ్చ కనిపిస్తే వైద్యుడు వెంటనే పోల్చుకుంటాడు. డాక్సీసైక్లిన్ అనే మామూలు మందుతో తగ్గే జ్వరమది. ఆలస్యం చేస్తేనే ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి అడవి పక్కన ఉండే పాఠకులకు రెండు మాటలు. కోతి గానీ కొండముచ్చు గానీ చచ్చిపడి కనిపిస్తే ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి, అటవీ సిబ్బందికో పశువైద్యుడికో ఆ రోజే చెప్పండి. పొద్దంతా ఆకులూ కట్టెలూ ఏరి ఇంటికొచ్చాక బట్టలు విప్పి వేడినీళ్లలో వేసి, ఒళ్లంతా తడిమి చూసుకుని స్నానం చేయండి. జ్వరం వచ్చి ఆస్పత్రికి వెళితే ఎన్ని రోజుల నుంచి అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. పశువుల్ని ఎక్కడ మేపారు, ఆకులు ఎక్కడ ఏరారు, ఏ తుప్పలు కొట్టారు, ఎక్కడ కూర్చుని అన్నం తిన్నారు అన్నది కూడా చెప్పండి. వైద్యుడు అడగకపోయినా చెప్పండి. రక్తపరీక్షలో బయటపడని సంగతి అదే.